ఓవర్‌క్లాకింగ్‌కి ర్యామ్ ఎంచుకోవడం ఎలా: ప్రాసెసర్‌తో మొదలుపెట్టి స్టిక్ మీది చిప్స్ దాకా

ర్యామ్ పెట్టె మీద ఎంత పెద్ద అంకె ఉంటే ఓవర్‌క్లాకింగ్ (కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంలో నడపడం) అంత బాగా జరుగుతుందని చాలామంది లెక్కేసుకుంటారు. డీడీఆర్5-8000 కిట్ (డీడీఆర్5 ర్యామ్ తరం పేరు, 8000 దాని వేగం) తెచ్చి బిగిస్తారు, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఎక్స్‌ఎంపీ, అంటే పెట్టె మీది వేగాన్ని అమలు చేసే రెడీమేడ్ ప్రొఫైల్, ఆన్ చేస్తారు. స్క్రీన్ నల్లగానే ఉండిపోతుంది. ర్యామ్ పాడైపోయిందని వెనక్కి పంపేస్తారు, కొత్తది వచ్చాక మళ్లీ అదే కథ.

నిజానికి ఆ ర్యామ్‌లో లోపం ఉండకపోవచ్చు. పెట్టె మీది అంకె స్టిక్‌లోని చిప్స్ ఎంత వేగం అందుకోగలవో చెబుతుంది, అంతే. వాటిని నడిపించే మెమరీ కంట్రోలర్ ఉండేది ప్రాసెసర్ లోపల. ఆ రెంటి మధ్య సిగ్నల్ మోసుకెళ్లేది మదర్‌బోర్డు. ఈ మూడింట్లో ఏది బలహీనంగా ఉంటే వేగం అక్కడే ఆగిపోతుంది. అందుకని ముందు ప్రాసెసర్, తర్వాత బోర్డు, ఆ తర్వాతే ర్యామ్ చూడాలి. ఈ గైడ్ కూడా అదే వరుసలో నడుస్తుంది.

మొదలుపెట్టే ముందు: వేగమైన ర్యామ్ అసలు అవసరమా?

ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేయాలంటే వేగమైన ర్యామ్ ఉండి తీరాలన్న మాట ఫ్రంట్ సైడ్ బస్ (ప్రాసెసర్‌ని మిగతా సిస్టమ్‌తో కలిపే పాత దారి) రోజుల నుంచి వస్తోంది. ఇంటెల్ కోర్ 2 కాలంలో చాలా ప్రాసెసర్లకు మల్టిప్లయర్ (మూల వేగాన్ని ఎన్ని రెట్లు చేస్తే కోర్ వేగం వస్తుందో ఆ అంకె) పైకి లాక్ చేసి ఉండేది కాబట్టి బస్ వేగం పెంచక తప్పేది కాదు. బస్ పెరిగితే దానితోపాటు ర్యామ్ వేగమూ పెరిగేది. ర్యామ్ తట్టుకోలేకపోతే ఓవర్‌క్లాక్ అక్కడికి సరి.

ఇప్పుడు అలా కాదు. ఇంటెల్ కె సిరీస్‌లో (పేరు చివర కె ఉన్నవి), ఏఎండీ రైజెన్‌లో మల్టిప్లయర్ పెంచితే కోర్ వేగం ఒక్కటే పెరుగుతుంది, ర్యామ్ తన వేగంలో తాను ఉంటుంది. బేస్ క్లాక్ (మిగతా వేగాలకి మూలమైన క్లాక్) కదిపితే మాత్రం పాత సంబంధం తిరిగొస్తుంది. 100 నుంచి 103 మెగాహెర్ట్జ్‌కి పెంచారంటే 6000 మీద నడుస్తున్న ర్యామ్ మీరు అడగకుండానే 6180కి వెళ్తుంది. ఆ దారిలో వెళ్లేవాళ్లు ర్యామ్ మల్టిప్లయర్ ఒక మెట్టు దించుకోవాలి.

మరి ర్యామ్ మీద ఇంత ఆలోచన దేనికి? రెండు కారణాలున్నాయి. కోర్లు వేగం పెంచుకున్న కొద్దీ వాటికి డేటా కూడా అంతే వేగంగా అందాలి. లేకపోతే పెంచిన వేగంలో కొంత ఎదురుచూపుల్లోనే పోతుంది. రెండోది, నా దృష్టిలో ఇంకా ముఖ్యమైనది: సిస్టమ్ క్రాష్ అయినప్పుడు తప్పు కోర్ వోల్టేజిదా, ర్యామ్‌దా అన్నది తేలాలి. ర్యామ్ మీద అనుమానం లేకుండా ఉంటేనే ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ ప్రశాంతంగా సాగుతుంది.

మొదటి మెట్టు: మీ ప్రాసెసర్ పరిమితి తెలుసుకోండి

ఏఎం4 సాకెట్‌లోని రైజెన్ 3000, 5000 సిరీస్‌లకి డీడీఆర్4 వాడాలి. కంపెనీ అధికారికంగా చెప్పే వేగం 3200. ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ (ప్రాసెసర్ లోపలి భాగాల్ని కలిపే దారి), మెమరీ కంట్రోలర్, ర్యామ్ మూడూ ఒకే క్లాక్‌లో నడిస్తేనే ఈ ప్రాసెసర్లలో మంచి ఫలితం వస్తుంది. చాలావాటిలో ఫ్యాబ్రిక్ 1800 మెగాహెర్ట్జ్ దాకా ఇబ్బంది లేకుండా వెళ్తుంది. దానికి సరిపోయేది డీడీఆర్4-3600. అదృష్టం బాగుంటే 1900, అంటే 3800. అక్కడితో ఆగకుండా 4400 కిట్ పెడితే కంట్రోలర్ సగం వేగానికి పడిపోయి జాప్యం పెరుగుతుంది. ఎక్కువ పెట్టి కొన్నది తక్కువ పనిచేస్తుందన్నమాట.

ఏఎం5లో, అంటే 2022లో వచ్చిన రైజెన్ 7000, దాని తర్వాతి 9000 సిరీస్‌లలో డీడీఆర్5 తప్ప మరొకటి పట్టదు. అధికారిక వేగం 7000 సిరీస్‌కి 5200, 9000 సిరీస్‌కి 5600. 7000 సిరీస్ వచ్చినప్పుడు ఏఎండీయే 6000ని సరైన చోటుగా చెప్పింది. ఆ మాట ఇప్పటికీ నిలబడుతుంది. 6000 దగ్గర ర్యామ్ క్లాక్ 3000, కంట్రోలర్ క్లాక్ కూడా 3000. 6400 దగ్గర ఇదే సమానత్వాన్ని కొన్ని చిప్స్ నిలబెట్టుకుంటాయి, కొన్ని నిలబెట్టుకోవు. అంతకు మించితే కంట్రోలర్‌ని సగానికి దించక తప్పదు. అలా దించాక పోగొట్టుకున్నది తిరిగి రాబట్టాలంటే ర్యామ్ 8000 దరిదాపులకి వెళ్లాలి. మధ్యలో ఉండే 6800, 7200 కిట్లు ఏఎం5కి ఎటూ కాకుండా పోతాయి.

పేరు చివర ఎక్స్3డీ ఉన్న రైజెన్ ప్రాసెసర్లున్నవాళ్లు ఇంకా నిశ్చింతగా ఉండొచ్చు. ఎనిమిది కోర్ల ఎక్స్3డీల్లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 96 ఎంబీ ఉంటుంది. చాలా గేమ్స్‌లో కావలసిన డేటా అక్కడే దొరుకుతుంది కాబట్టి ర్యామ్ వేగం తేడా పెద్దగా కనబడదు. వీటికి 6000 సీఎల్30 (సీఎల్ జాప్యం చెప్పే అంకె, వివరం నాలుగో మెట్టులో) దాటి ఖర్చు పెట్టడం దండగే. లోపలి గ్రాఫిక్స్‌తోనే గేమ్స్ ఆడే ప్రాసెసర్లది దీనికి పూర్తిగా ఉల్టా. వాటికి ర్యామ్ బ్యాండ్‌విడ్త్ ఎంత ఇచ్చినా చాలదు.

ఇంటెల్ 12, 13, 14వ తరాల్లో డీడీఆర్4, డీడీఆర్5 రెండూ పనిచేస్తాయి. ఏది పట్టాలో బోర్డు నిర్ణయిస్తుంది. డీడీఆర్4 అయితే గేర్ 1 అనే మోడ్‌లో, అంటే కంట్రోలర్, ర్యామ్ సమాన వేగంలో నడపాలి. 3600 సీఎల్16 లాంటిది అక్కడ బాగా కుదురుతుంది. కె లేని మోడల్స్‌లో కంట్రోలర్‌కి ఇచ్చే సిస్టమ్ ఏజెంట్ వోల్టేజి లాక్ అయి ఉంటుంది కాబట్టి గేర్ 1లో 3600 కూడా మొండికేయవచ్చు. డీడీఆర్5 దాదాపు ఎప్పుడూ గేర్ 2లోనే, అంటే కంట్రోలర్ ర్యామ్ వేగంలో సగానికే నడుస్తుంది. 12వ తరానికి 6000 నుంచి 6400 వరకు, 13, 14 తరాలకి 6400 నుంచి 7200 వరకు చూసుకుంటే సరిపోతుంది.

13, 14 తరాల కె ప్రాసెసర్లున్నవాళ్లకి ఒక మాట. వీటిలో వోల్టేజి అవసరానికి మించి వెళ్లి స్థిరత్వం దెబ్బతింటోందని 2024లో ఇంటెల్ ఒప్పుకుని బయోస్ ద్వారా మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చింది. బయోస్ అప్‌డేట్ చేయకుండా ర్యామ్ మార్చుకుంటూ పోతే తేలేదేమీ ఉండదు.

ఇంటెల్ కోర్ అల్ట్రా 200ఎస్ సిరీస్ డీడీఆర్5 మాత్రమే తీసుకుంటుంది. మామూలు స్టిక్స్‌తో అధికారిక వేగం 5600, సీయూడిమ్ రకంతో 6400. సీయూడిమ్ స్టిక్ మీదే చిన్న క్లాక్ డ్రైవర్ చిప్ ఉంటుంది. బోర్డు నుంచి వచ్చే క్లాక్ సిగ్నల్‌ని అది శుభ్రం చేసి మెమరీ చిప్స్‌కి అందిస్తుంది, అందుకే 8000, ఆపై వేగాలు వీటితో తేలికవుతాయి. సీయూడిమ్‌ని ఏఎం5 బోర్డులో పెడితే ఆ డ్రైవర్ పక్కకి తప్పుకుని మామూలు స్టిక్‌లాగే నడుస్తుంది కాబట్టి అక్కడ దానికోసం ప్రత్యేకంగా ఖర్చు పెట్టక్కర్లేదు.

రెండో మెట్టు: బోర్డు

చిప్‌సెట్ (బోర్డు మోడల్ పేరులో కనబడే కంట్రోల్ చిప్) విషయం త్వరగా చూసేద్దాం. ఇంటెల్‌లో కోర్ మల్టిప్లయర్ కదపాలంటే జెడ్ సిరీస్ బోర్డు, కె ప్రాసెసర్ రెండూ ఉండాలి. ర్యామ్ ఓవర్‌క్లాకింగ్‌కి మాత్రం బీ660, బీ760 కూడా చాలు. హెచ్610లో అదీ కుదరదు. ఏఎండీలో బీ650, ఎక్స్670 రెంటినీ కదపనిస్తాయి. ఏ620లో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు కానీ ప్రాసెసర్‌ని ముట్టుకోనివ్వదు.

అసలు చూడాల్సింది స్లాట్ల సంఖ్య. నాలుగు స్లాట్ల బోర్డుల్లో చాలావరకు డైసీ చైన్ పద్ధతి ఉంటుంది. అంటే ఒక ఛానల్ (ప్రాసెసర్, ర్యామ్ మధ్య డేటా దారి) తీగలు మొదటి స్లాట్‌ని తాకి రెండో స్లాట్‌లో ఆగుతాయి. అందుకే రెండు స్టిక్స్ పెట్టేటప్పుడు ప్రాసెసర్ నుంచి లెక్కిస్తే రెండు, నాలుగు స్లాట్లలో పెట్టమని మాన్యువల్ చెబుతుంది. ఒకటి, మూడులో పెడితే ఖాళీగా మిగిలిన తీగ చివర సిగ్నల్ తిరిగి తన్నుకుని వేగం పడిపోతుంది. రెండే స్లాట్లున్న బోర్డుల్లో ఈ గొడవ లేదు. 7600, 8000 లాంటి వేగాలు కావాలనుకునేవాళ్లు ఆ బోర్డులే వెతుక్కునేది ఇందుకే.

తర్వాత, బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో క్యూవీఎల్ అనే జాబితా తెరవండి. అక్కడ ఉన్న కిట్లు ఆ బోర్డు మీద పరీక్షించినవి. మీరు కొనబోయే కిట్ పార్ట్ నంబర్ చివరి అక్షరం దాకా సరిపోవాలి. పేరు, రంగు ఒకేలా ఉన్నా చివర ఒక అక్షరం మారితే లోపలి చిప్స్ మారిపోవచ్చు. జాబితాలో లేకపోతే పనిచేయదని కాదు, ఉంటే పనిచేసే అవకాశం ఎక్కువ. ఆ పరీక్ష మంచి ప్రాసెసర్‌తో చేసి ఉంటారనేది కూడా గుర్తుంచుకుని జాబితాలోని గరిష్ఠ వేగం కన్నా ఒక మెట్టు కిందికి చూసుకోండి.

మూడో మెట్టు: ఎన్ని జీబీ, ఎన్ని స్టిక్స్

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. మొదట 2×16 కొని, తర్వాత కావాలంటే ఇంకో 2×16 కలుపుకుందామని ప్లాన్ వేస్తారు. డీడీఆర్5లో ఆ ప్లాన్ పనిచేయదనే అనుకోండి. రైజెన్ 7000లో రెండు స్టిక్స్‌కి అధికారిక వేగం 5200 అయితే, నాలుగు స్టిక్స్‌కి 3600 మాత్రమే. చేత్తో సర్దుబాటు చేసి అంతకన్నా పైకి తీసుకెళ్లినవాళ్లు ఉన్నారు కానీ, 6000 వస్తుందని కొనేముందు ఎవరూ హామీ ఇవ్వలేరు.

పైగా రెండో కిట్ అదే మోడల్ అయినా లోపల అవే చిప్స్ ఉంటాయన్న నమ్మకం లేదు. కిట్‌గా అమ్మిన రెండు స్టిక్స్‌నే కలిపి పరీక్షిస్తారు, వేర్వేరు కిట్లని కాదు. ముందే 2×32 తీసుకుంటే అయిపోయేదానికి తర్వాత నాలుగు స్టిక్స్‌తో కుస్తీ పట్టడం గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమే. ఎంత కావాలో ముందే తేల్చుకుని రెండే స్టిక్స్‌లో కొనండి.

ర్యాంక్ గురించీ, అంటే స్టిక్‌లో కలిసి పనిచేసే చిప్స్ జట్లు ఎన్ని అన్నదీ తెలుసుకోవాలి. డీడీఆర్5లో 16 జీబీ స్టిక్ మామూలుగా సింగిల్ ర్యాంక్, 32 జీబీ స్టిక్ డ్యుయల్ ర్యాంక్. కొత్తగా వచ్చిన 24 జీబీ స్టిక్స్ సింగిల్ ర్యాంక్, 48 జీబీవి డ్యుయల్ ర్యాంక్. సింగిల్ ర్యాంక్ కంట్రోలర్ మీద తక్కువ భారం వేస్తుంది కాబట్టి ఎక్కువ వేగం అందుకుంటుంది. డ్యుయల్ ర్యాంక్ అదే వేగంలో కాస్త ఎక్కువ పని చేస్తుంది, కానీ వేగం పెంచడం కష్టం. 32 జీబీ చాలనివాళ్లకి 2×24 చక్కటి మధ్యేమార్గం.

8 జీబీ డీడీఆర్5 స్టిక్స్ జోలికి వెళ్లకండి. వాటిలో ఎనిమిది చిప్స్‌కి బదులు నాలుగే వాడతారు, బ్యాంక్ గ్రూపులు (చిప్ లోపలి విడివిడి విభాగాలు) సగానికి తగ్గుతాయి, పెట్టె మీద అదే వేగం రాసి ఉన్నా నడకలో వెనకబడతాయి. ఒక్క స్టిక్‌తో సరిపెట్టుకోవడం అంతకన్నా నష్టం. డీడీఆర్5 స్టిక్ లోపల 32 బిట్ల ఉపఛానళ్లు రెండుంటాయి. సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్క స్టిక్‌కి కూడా 2×32 బిట్ అని కనిపించేసరికి డ్యుయల్ ఛానల్ వచ్చేసిందని కొందరు సంబరపడతారు. రెండు స్టిక్స్ సరిగ్గా ఉంటే అక్కడ 4×32 బిట్ అని రావాలి.

నాలుగో మెట్టు: లేబుల్ చదవడం

ఒక కిట్ మీద ఇలా ఉందనుకోండి: డీడీఆర్5-6000, 30-38-38-96, 1.35 వోల్టులు, 2×16 జీబీ.

6000 అంటే సెకనుకి 600 కోట్ల బదిలీలు. అసలు క్లాక్ అందులో సగం, 3000 మెగాహెర్ట్జ్. సాఫ్ట్‌వేర్‌లో 3000 కనబడితే మోసపోయామని కంగారు పడక్కర్లేదు. ఒక్కో బదిలీలో ఒక ఛానల్ 8 బైట్లు మోస్తుంది కాబట్టి రెండు ఛానళ్లకి కలిపి సెకనుకి 96 జీబీ లెక్క వస్తుంది. డీడీఆర్4-3200కి అదే లెక్క 51.2 జీబీ.

మొదటి అంకె 30ని సీఎల్ అంటారు. అడిగిన డేటా బయటికి రావడం మొదలవడానికి పట్టే క్లాకుల సంఖ్య అది. క్లాకులని నేరుగా పోల్చకూడదు, సమయంలోకి మార్చాలి. సీఎల్‌ని 2000తో గుణించి వేగంతో భాగిస్తే నానోసెకండ్లు వస్తాయి. 30 × 2000 ÷ 6000 = 10. డీడీఆర్4-3200 సీఎల్16కి కూడా సరిగ్గా 10. డీడీఆర్5-6000లోనే సీఎల్36 అయితే 12, సీఎల్40 అయితే 13.3. మామూలు 5600 సీఎల్46కి 16.4. 7200 సీఎల్34కి 9.4. రెండు కిట్ల మధ్య తేల్చుకోలేనప్పుడు ఫోన్‌లో ఈ లెక్క ఒకసారి వేసుకుంటే ఏది పైన రాతకే పరిమితమో, ఏది నిజంగా వేగమైనదో తెలిసిపోతుంది.

తర్వాతి మూడు అంకెలు వరుసగా టీఆర్‌సీడీ, టీఆర్‌పీ, టీఆర్‌ఏఎస్. అవీ క్లాకుల్లో లెక్కించే ఎదురుచూపులే, వీటన్నిటినీ కలిపి టైమింగ్స్ అంటారు. లేబుల్ మీద లేనివి ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో టీఆర్‌ఎఫ్‌సీ, టీఆర్‌ఈఎఫ్ఐ పనితీరు మీద గట్టి ప్రభావం చూపిస్తాయి. రిఫ్రెష్‌కి ఎంతసేపు ఆగాలి, ఎంత తరచుగా చేయాలి అన్నవి ఇవి. వీటిని ఎంత బిగించగలమన్నది చిప్ మీద ఆధారపడుతుంది.

1.35 వోల్టులు ఓవర్‌క్లాక్ ప్రొఫైల్‌కి కావలసినది. డీడీఆర్5 ప్రామాణిక వోల్టేజి 1.1, డీడీఆర్4ది 1.2. ఒకే వేగం, ఒకే టైమింగ్స్ ఉన్న రెండు కిట్లలో తక్కువ వోల్టేజి రాసి ఉన్నది తీసుకోండి, దానిలో ఇంకా కొంచెం శక్తి మిగిలి ఉంది.

ప్రొఫైల్ పేరు ఇంటెల్ వైపు ఎక్స్‌ఎంపీ, ఏఎండీ డీడీఆర్5 వైపు ఎక్స్‌పో. ఏఎం5 బోర్డులు చాలావరకు ఎక్స్‌ఎంపీ కిట్లని కూడా చదువుతాయి, అయినా ఎక్స్‌పో ఉన్న కిట్ దొరికితే టెన్షన్ తక్కువ. ప్రొఫైల్ ఆన్ చేయడం కూడా సాంకేతికంగా ఓవర్‌క్లాకింగే కాబట్టి ప్రాసెసర్ వారంటీ నిబంధనలు ఒకసారి చదువుకోండి.

ఐదో మెట్టు: లోపలి చిప్ ఎవరిది

ర్యామ్ మీద ఏ బ్రాండ్ పేరున్నా లోపలి చిప్స్ ఎక్కువగా మూడు కంపెనీలవే: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. చేత్తో టైమింగ్స్ బిగించాలనుకునేవాళ్లు బ్రాండ్ కన్నా దీన్నే చూస్తారు.

డీడీఆర్4లో శామ్‌సంగ్ 8 గిగాబిట్ బీ-డై అనే చిప్ రకానికి ఇప్పటికీ తిరుగులేదు. వోల్టేజి ఇచ్చినకొద్దీ టైమింగ్స్ తగ్గుతూ పోతాయి, కానీ వేడి అస్సలు తట్టుకోదు. 3200 సీఎల్14, 3600 సీఎల్14 అని లేబుల్ ఉంటే దాదాపు అదే. మైక్రాన్ రెవ్-ఇ, హైనిక్స్ డీజేఆర్ దానికన్నా ఒక మెట్టు కింద ఉన్నా బాగానే నడుస్తాయి.

డీడీఆర్5లో హైనిక్స్‌ది పైచేయి. 16 గిగాబిట్ ఏ-డై అత్యధిక వేగాలకి, ఎం-డై 6000 నుంచి 6400 మధ్య బిగుతైన టైమింగ్స్‌కి పేరుపొందాయి. 24, 48 జీబీ స్టిక్స్‌లోని 24 గిగాబిట్ ఎం-డై కూడా మంచిదే. 6000 సీఎల్30 కిట్లలో చాలావరకు హైనిక్సే ఉంటుంది. అదే వేగంలో సీఎల్40 అని ఉంటే కాస్త అనుమానించండి. ఏఎండీలో అయినా ఇంటెల్‌లో అయినా నేను ముందు హైనిక్స్ కోసమే వెతుకుతాను. ఎక్స్‌పో ఆన్ చేసి వదిలేసేవాళ్లు మాత్రం దీని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఆరో మెట్టు: వేడి, ఎత్తు

డీడీఆర్5లో వోల్టేజి సర్దే చిప్ స్టిక్ మీదికే వచ్చేసింది కాబట్టి వేడి కూడా అక్కడే పుడుతుంది. ప్రతి స్టిక్‌లో ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది, హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూడొచ్చు. టైమింగ్స్ బిగించాక 55 డిగ్రీలు దాటనివ్వకపోవడమే నేను చెప్పే సలహా. అందుకు హీట్‌స్ప్రెడర్ (స్టిక్ మీది లోహపు తొడుగు) రంగురంగుల లైట్ల కన్నా దానిమీదికి గాలి తగలడం ముఖ్యం.

పెద్ద ఎయిర్ కూలర్ ఉంటే స్టిక్ ఎత్తు కొలుచుకోండి. లైట్లున్నవి 44 మిల్లీమీటర్లు, కొన్ని అంతకన్నా ఎక్కువే ఉంటాయి, పొట్టివి 35 దగ్గర్లో. ఫ్యాన్ పైకి జరిపితే కేస్ తలుపు మూసుకోకపోవచ్చు.

ఏడో మెట్టు: చేతికొచ్చాక పరీక్ష

వాపసు గడువు ఉండగానే పరీక్ష ముగించండి. వరుస ముఖ్యం.

ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. తర్వాత ప్రాసెసర్‌ని అసలు వేగంలోనే ఉంచి ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో మాత్రం ఆన్ చేయండి. డీడీఆర్5తో మొదటిసారి ఆన్ అయినప్పుడు మెమరీ ట్రైనింగ్‌కి (బోర్డు ఆ ర్యామ్‌కి సరిపోయే సెట్టింగ్స్ వెతుక్కోవడానికి) కొన్ని నిమిషాలు పట్టొచ్చు. స్క్రీన్ రాలేదని పవర్ తీసేయకండి. ఏఎం5లో అయితే ఎస్ఓసీ వోల్టేజి (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందేది) 1.3 దాటలేదని హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోలో చూసుకోండి. 2023లో కొన్ని ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయాక ఏఎండీ బయోస్‌లలో ఆ హద్దు పెట్టించింది. జెన్‌టైమింగ్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ర్యామ్, కంట్రోలర్ క్లాకులు రెండూ సమానంగా ఉన్నాయో లేదో కూడా చూడండి. ఒకటి 3000, మరొకటి 1500 అని కనబడితే బోర్డు నిశ్శబ్దంగా సగానికి దించేసిందని అర్థం.

ఇప్పుడు పెన్ డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ఒక రౌండ్ పూర్తిగా నడపండి. విండోస్ మీద గట్టి పరీక్షలు చేసేముందు ఇది తప్పనిసరి, ఎందుకంటే తప్పులు చేసే ర్యామ్ మీద విండోస్ నడిస్తే ఫైళ్లు కూడా చెడిపోతాయి. తర్వాత విండోస్‌లో నడిచే ర్యామ్ పరీక్షలు టెస్ట్‌మెమ్5 లేదా కర్హు కొన్ని గంటలు. ఒక్క తప్పు వచ్చినా అది తప్పే. డీడీఆర్5 చిప్ లోపల సొంత దిద్దుబాటు ఉంటుంది కాబట్టి చిన్న తప్పులు పైకి తేలవు. పైకి తేలినవి అసలు సమస్యలే. పరీక్ష లేకుండా వాడితే ఈ తప్పులు బ్లూ స్క్రీన్‌గా రావాలనేం లేదు. బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ దానంతటదే మూసుకుపోవడం, పెద్ద జిప్ ఫైల్ విప్పేటప్పుడు సీఆర్‌సీ (డేటా సరిచూసే) ఎర్రర్ రావడం, గేమ్ ఏ సందేశమూ లేకుండా డెస్క్‌టాప్‌కి వచ్చేయడం, ఇలా ఉంటాయి.

ర్యామ్ పరీక్ష గట్టెక్కాక అరగంట బరువైన గేమ్ ఆడి మళ్లీ వేడి చూడండి. గ్రాఫిక్స్ కార్డ్ వదిలే వేడిగాలి సరిగ్గా స్టిక్స్ మీదికే వెళ్తుంది. రాత్రంతా టెస్ట్‌మెమ్5 దాటిన కిట్ గేమ్ మధ్యలో కూలిపోవడానికి చాలాసార్లు కారణం అదే.

ఆ తర్వాతే ప్రాసెసర్ జోలికి వెళ్లండి. ఈసారి ర్యామ్‌ని ప్రామాణిక వేగానికి దించి కోర్ ఓవర్‌క్లాక్‌ని విడిగా స్థిరపరచండి. రెండూ విడివిడిగా నిలబడ్డాక కలిపి ఆన్ చేసి వై-క్రంచర్, ప్రైమ్95 లార్జ్ ఎఫ్‌ఎఫ్‌టీ లాంటి, కోర్లనీ ర్యామ్‌నీ కలిపి నలిపే పరీక్షలు పెట్టండి. కలిపినప్పుడు మాత్రమే క్రాష్ అవుతుంటే ర్యామ్ వేగం 6000 నుంచి 5800కి దించి చూడండి. అప్పుడు క్రాష్‌లు ఆగిపోతే కంట్రోలర్ హద్దు మీద ఉంది. ఆగకపోతే కోర్ వోల్టేజి వైపు చూడాలి.

అంతా కుదిరాక బయోస్‌లో ఆ సెట్టింగ్స్‌ని ప్రొఫైల్‌గా సేవ్ చేసి, టైమింగ్స్ పేజీలన్నిటికీ ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి. తర్వాత ఎప్పుడైనా బయోస్ అప్‌డేట్ చేస్తే సేవ్ చేసిన ప్రొఫైళ్లు చాలా బోర్డుల్లో చెరిగిపోతాయి. ఫొటో చూసి మళ్లీ ఎక్కించాక మెమ్‌టెస్ట్86 ఇంకో రౌండ్ వేయాల్సిందే, ఎందుకంటే కొత్త బయోస్ మెమరీకి శిక్షణ ఇచ్చే తీరు మారి ఉండొచ్చు.